చిన్నపిల్లల స్టడీ అవరు గురించి నా మాట



గత సంచికలో కుడిపక్క కింది మూల మన పదో తరగతి మిత్రుడొకడు ఒక వ్యాసం అంటించాడు. మీరంతా చదివే ఉంటారు. ఎందుకంటే మెస్సుకెళ్లే లైను సరిగ్గా ఆ మూల దగ్గరే ఆగిపోతుంది. సాయంత్రం స్టడీ అవర్లో మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లల్ని పెద్ద క్లాసు వాళ్లకి అప్పగించడం అన్యాయమని అతను రాశాడు. పబ్లిక్ పరీక్షలున్న వాళ్ల టైము తినెయ్యడమే అన్నాడు. చిన్నపిల్లల్ని చూసుకోడానికి జీతాలు తీసుకునేవాళ్లు వేరే ఉన్నారు కదా అని కూడా అన్నాడు. ఆ చివరి మాటకి మాస్టార్లకి కోపం వచ్చిందో లేదో నాకు తెలీదు గాని, కాగితం మాత్రం ఎవరూ చింపలేదు. అందుకు సంతోషం.

అతని మీద నాకు కోపం లేదు. జులై నెలలో అవే మాటలు నేను అతనికంటే గట్టిగా అన్నాను. అందుకనే జవాబు నేనే రాయాలనిపించింది.

జులైలో ఏం జరిగిందో ముందు చెప్తాను. సంత రోజు ప్రహరీగోడ దూకి వెళ్లి పట్టుబడ్డాను. జీడిపిక్కలు అమ్ముకోడానికి మా ఊరివాళ్లు వస్తారు, ఎవరైనా కనిపిస్తారేమో అని వెళ్లాను. (మిర్చి బజ్జీ కోసం కూడా.) వార్డెన్ సారు కొట్టలేదు. ఆఫీసు రూములో నిలబెట్టి, "నువ్వు సవర పిల్లాడివి కదా, సవర మాట వచ్చు కదా" అని అడిగారు. "రాదు సార్" అన్నాను.

అది అబద్ధం. మా ఇంట్లో నాయనమ్మకి సవర తప్ప సరిగ్గా ఇంకో భాష రాదు. మరి ఎందుకన్నానంటే, ఇక్కడికి రాకముందు నేను చదివిన బడిలో సవర మాట నోట్లోంచి వస్తే ఒక చెక్కపలక మెడలో వేసేవారు. మళ్లీ ఇంకొకడి నోటినుంచి వచ్చేదాకా ఆ పలక మన మెడలోనే ఉండాలి. కాబట్టి పలక ఉన్నవాడు రోజంతా ఎవడు జారతాడా అని చెవులు రిక్కించి తిరిగేవాడు. నేనూ అలాగే తిరిగాను. ఒక ఏడాదిలో నాకు తెలుగు బాగా వచ్చింది, కాదనను. దాంతోపాటు, ఎవరైనా "సవరోడా" అంటే తల తిప్పకుండా నడిచి వెళ్లిపోవడం కూడా వచ్చింది.

వార్డెన్ సారు నా అబద్ధం నమ్మలేదు. మూడో తరగతిలో కొత్తగా చేరిన ఏడుగురు పిల్లల్ని నాకు అప్పగించారు. అందరూ కొండమీది గూడల నుంచి వచ్చినవాళ్లే. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా వాళ్ల దగ్గర కూర్చోవాలి. గోడ దూకినందుకు ఇది శిక్ష అనుకున్నాను. మీరంతా అలాగే అన్నారు, నవ్వారు కూడా. "పిల్లల ఆయా" అని పేరు పెట్టింది ఎవరో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

మొదటి నెల నేనేం చేశానో దాచను. ఒక బెత్తం సంపాదించాను. ఎక్కాలు రాయండిరా అని చెప్పి నా ఫిజికల్ సైన్సు పుస్తకం తెరిచి కూర్చునేవాణ్ని. గోల చేస్తే బెత్తం. నా బకెట్టు నీళ్లు ఒకడిచేత, నా చొక్కా ఇంకొకడిచేత. గుడ్డు పెట్టే రోజున ఒకడు తనంతట తనే గుడ్డు తెచ్చి నా కంచంలో పెట్టాడు. తీసుకున్నాను. నేను అడగలేదు కదా అనుకున్నాను. వాడు ఎందుకు పెట్టాడో ఇప్పుడు నాకు బాగా తెలుసు, మీకూ తెలుసు. మనం మూడో తరగతిలో ఉన్నప్పుడు మన గుడ్లు ఎక్కడికి పోయాయో ఎవరం మర్చిపోలేదు.

ఇప్పుడు నూట ఇరవై ఒకటి సంగతి.

ఏడుగురిలో అందరికంటే పైగూడ నుంచి వచ్చిన చిన్నవాడు ఒకడున్నాడు. నోరు విప్పడు. మొదటి వారం రాత్రిపూట డార్మెటరీ లీడరు దగ్గరికి వెళ్లి "డా, డా" అనేవాడట. లీడరు దాన్ని "దా, దా" అనుకుని, పాపం చీకట్లో భయమేమో అని బాత్రూముకి తీసుకెళ్లేవాడు. వాడు అక్కడ నిలబడి ఊరికే చూసేవాడు. మూడు రాత్రులు ఇదే తంతు. సవరలో డా అంటే నీళ్లు. నిజానికి ఆ మాట చివర గొంతులో చిన్న ఆపు ఉంటుంది, దానికి తెలుగులో అక్షరం లేదు. పిల్లాడు దాహమని అడిగితే మూడు రాత్రులు మంచినీళ్లు ఇచ్చినవాళ్లు లేరు. సవర వచ్చినవాణ్ని నేను నాలుగు మంచాల అవతల ముసుగుపెట్టి పడుకున్నాను.

ఆ చిన్నవాడిని ఒకరోజు ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు రాయమన్నాను. పన్నెండు దాకా చక్కగా రాశాడు. ఆ తరవాత 121 అని రాశాడు. దాని పక్కన 122, 123. అలా 127 దాకా వెళ్లి, వెంటనే 20 రాసి పలక నాకు చూపించాడు. "127 తరవాత 20 ఏట్రా?" అని చేతి మీద ఒకటి వేశాను. చెరిపేసి మళ్లీ రాశాడు. మళ్లీ 121. ఇంకొకటి వేశాను. మూడోసారి కూడా అదే రాసి, ఏడుస్తూ పలక ముందుకి తోశాడు. మొద్దు అని అందరి ముందూ అన్నాను.

రాఖీ సెలవు కలిసొచ్చి రెండు రోజులు ఇంటికెళ్లినప్పుడు, నవ్వించడానికని ఈ సంగతి నాయనమ్మకి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "సరిగ్గానే రాశాడు కదా" అంది. పక్కనున్న కందిగింజలు తీసి నేలమీద పేర్చి లెక్కపెట్టింది. అబొయ్, బాగు, యాగి, ఉంజి, అలా వెళ్లి పన్నెండు దగ్గర మిగ్గెల్ అంది. పదమూడుకి కొత్త పేరు లేదు, పన్నెండూ ఒకటి. పద్నాలుగు అంటే పన్నెండూ రెండు. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడు. ఇరవైకి మళ్లీ వేరే పేరు. అక్కణ్నుంచి ఇరవైల లెక్క. తొంభైమూడు అనాలంటే నాలుగిరవైలూ పన్నెండూ ఒకటి.

మరి వాడు రాసింది ఏమిటి? పన్నెండు పక్కన ఒకటి. పన్నెండు పక్కన రెండు. పన్నెండు పక్కన ఏడు. ఆ తరవాత ఇరవై. వాడికి లెక్క వచ్చు. మనం అంకెలు వేసే పద్ధతి ఒక్కటే రాదు. నేను పుట్టింది సవర ఇంట్లోనే అయినా, సంతలో బేరాలు తెలుగు లెక్కలోనే కాబట్టి ఆ లెక్క నాకు ఎవరూ నేర్పలేదు. అంటే ఆ రోజు పలక ముందు కూర్చున్న ఇద్దర్లో లెక్క ఎక్కువ తెలిసినవాడు వాడే. బెత్తం నా చేతిలో ఉంది, అంతే.

తిరిగి వచ్చిన రోజు సాయంత్రం ఏం చెయ్యాలో తెలియక, కంది గింజలు జేబులో వేసుకుని వెళ్లి ఆ పిల్లాడి ముందు పోశాను. సవరలో లెక్కపెట్టమన్నాను. వాడు నా మొహం చూశాడు. మిగతా ఆరుగురూ నా మొహం చూశారు. అన్నకి సవర వచ్చా అని వాళ్లలో వాళ్లు గుసగుసలాడుకున్నారు. నేను రెండో మాట, మూడో మాట అనేసరికి ఒక్కసారిగా అందరూ మాట్లాడ్డం మొదలుపెట్టారు. నెల రోజులుగా ఎంత మాట లోపల అణిచిపెట్టుకున్నారో! స్టడీ అవరు ఇన్‌చార్జి మాస్టారు ఏంటా గోల అని పరిగెత్తుకొచ్చారు. ఆ రోజు తిట్లు తిన్నాను. అయినా రాత్రి మంచం మీద పడుకుంటే నాకు నిద్ర పట్టలేదు. దిగులుతో కాదు. ఎప్పుడు తెల్లారి సాయంత్రం అవుతుందా అని. ఈ బడిలో చేరినప్పట్నుంచి సాయంత్రం కోసం అలా ఎదురుచూడ్డం నాకు అదే మొదలు.

పదమూడు ఎలా రాయాలో వాడికి చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. పదేసి గింజలు ఒక కుప్ప చెయ్యి, మిగిలినవి విడిగా పెట్టు, కుప్పలెన్నో ఎడమపక్క రాయి, విడివి ఎన్నో కుడిపక్క రాయి అని చెప్పాను. వాడు ఊరుకోకుండా, పన్నెండేసి కుప్పలు ఎందుకు చెయ్యకూడదు అని అడిగాడు. నాకు జవాబు రాలేదు. మర్నాడు లెక్కల మాస్టారిని అడిగితే, చెయ్యొచ్చు, అప్పుడు పదికీ పదకొండుకీ కూడా ఒంటి అంకెలే కావాలి, అంతే తేడా అన్నారు. గడియారం, నెలలు, అరటిపళ్ల డజను అన్నీ పన్నెండే కదరా అని కూడా అన్నారు. పదేళ్లుగా పదుల స్థానం, ఒకట్ల స్థానం అని రాస్తున్న నాకు ఆ స్థానం అంటే ఏమిటో అప్పటిదాకా నిజంగా తెలీదు.

ఇక మిత్రుడి వ్యాసంలోని మాటలకి వస్తాను. టైము పోతుంది అన్నాడు. పోతుంది. నేను అబద్ధం చెప్పను. క్వార్టర్లీలో నాకు సోషల్లో తొమ్మిది మార్కులు తగ్గాయి. చిన్నపిల్లలకి చెప్తే మన చదువు దానంతటదే పెరుగుతుంది అని కొందరు మాస్టార్లు అంటారు గాని, లెక్కల్లో అది కొంత నిజం, సోషల్లో కాదు. గంటన్నర అంటే గంటన్నరే. అందుకని పదో తరగతి వాళ్లకి వారానికి మూడు రోజులు చాలు, మిగతా మూడు రోజులు తొమ్మిదో తరగతి వాళ్లు చూసుకోవాలి, జనవరి నుంచి పదో తరగతి వాళ్లని పూర్తిగా వదిలెయ్యాలి అని వార్డెన్ సారుకి మనవి చేస్తున్నాను. ఆ విషయంలో మిత్రుడిదే న్యాయం.

కాని జీతం తీసుకునేవాళ్లు చూసుకుంటారు అన్నాడు చూడండి, అక్కడ ఒప్పుకోను. మన మాస్టార్లలో సవర వచ్చినవారు ఎందరు? అది వాళ్ల తప్పని నేననను. మన బడి ఉన్నది చిన్న ఊళ్లో. ఒక సంత, బస్సు ఆగే చెట్టు, నాలుగు కిరాణా కొట్లు, ఒక ఆసుపత్రి. ట్యూషను చెప్పేవాళ్లే లేరు. ఉన్నా "డా" అంటే నీళ్లని తెలిసినవాళ్లు ఉండరు. ఆ పని ఈ ఊళ్లో మనమే చెయ్యగలం. ఎందుకంటే ఆ పలక ముందు కూర్చుని ఏడ్చింది మనమే.

ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటోకి దండ వేస్తాం. వ్యావహారిక భాష అని వక్తృత్వం పోటీ పెడతాం. ఆయన మనకి ఏమవుతారో మాత్రం ఎవరూ చెప్పరు. 1863లో పుట్టిన ఆయన 1880లో పర్లాకిమిడిలో మాస్టారుగా చేరారు. అప్పటికి పదిహేడేళ్లు, మనకంటే ఒకటి రెండేళ్లు పెద్ద, అంతే. పర్లాకిమిడి అప్పుడు ఒక చిన్న జమీందారీ పట్నం, మన కొండలకి దగ్గరే. ఆయన చెప్పుకోవలసింది బళ్లో పాఠాలు. అయితే దగ్గర కొండల్లోని సవరలని చూసి, వాళ్లకి వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకున్నారు. పుస్తకాలు రాశారు, సొంత డబ్బు పెట్టి సవర పిల్లలకి బడులు నడిపారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పనికి డబ్బు బహుమానం ఇవ్వబోతే, నాకొద్దు, దాంతో సవరలకి బడి పెట్టండి అన్నారట. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైను మింగీ మింగీ చెవులు వినపడకుండా పోయాయి. ఇంకొకరి మాట వినడానికి కొండెక్కిన మనిషికి చెవులే పోయాయి. ఈ సంగతి చదివినప్పటినుంచి ఆ ఫొటో కింద నుంచి వెళ్తే నాకు ఒకలా ఉంటుంది.

మలేరియా అంటే గుర్తొచ్చింది. సెప్టెంబరులో మన ఏడుగురిలో ఒకడికి చలిజ్వరం వచ్చింది. వార్డెన్ సారు రాత్రి తొమ్మిదింటికి ఆసుపత్రికి తీసుకెళ్తూ నన్ను కూడా రమ్మన్నారు. సిస్టరు గారు ఎక్కడ నొప్పిరా, ఎప్పట్నుంచిరా అని ఎంత అడిగినా వాడు మాట్లాడలేదు. నేను సవరలో అడిగితే, మూడు రోజులుగా వస్తోందనీ, చెప్తే ఇంటికి పంపేసి మళ్లీ రానివ్వరని చెప్పలేదనీ అన్నాడు. ఆ మాట తెలుగులో చెప్తుంటే నా గొంతు సరిగ్గా రాలేదు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో నలుగురి ముందు సవర మాట్లాడుతున్నానన్న ధ్యాసే నాకు లేదు. తరవాత ఎప్పుడో గుర్తొచ్చింది.

వార్డెన్ సారుకీ మాస్టార్లకీ నా మనవులు కొన్ని ఉన్నాయి. మొదటిది, ఈ పని తప్పు చేసినవాడికి శిక్షగా ఇవ్వకండి. శిక్షగా వచ్చినవాడు ఆ శిక్షని చిన్నపిల్లల మీదే తీర్చుకుంటాడు, నేను తీర్చుకున్నాను. ఇష్టం ఉన్నవాళ్లని అడిగి ఇవ్వండి. ఇష్టం లేనివాళ్లు కూడా ఉంటారు, అది నేరం కాదు. బెత్తం మా చేతికి అసలు ఇవ్వొద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టకూడదంటుంది, అది మాస్టార్లకే కాదు మాకూ వర్తించాలి. గుడ్డు, బకెట్టు, చొక్కా సంగతి కూడా చూడండి. పిల్లలు ఫిర్యాదు చెయ్యరు. భోజనాల దగ్గర మీరు ఒక పావుగంట ఊరికే నిలబడితే చాలు, ఎవడి గుడ్డు ఎవడి కంచంలోకి పోతోందో కనపడుతుంది.

ముఖ్యమైంది ఇంకొకటి. స్టడీ అవర్లో మొదటి అరగంట మూడో తరగతి పిల్లల్ని వాళ్ల మాటలోనే మాట్లాడుకోనివ్వండి. గోల అనుకోకండి. ఇది నేను కొత్తగా కోరేది కాదు. ప్రాథమిక తరగతుల్లో మాతృభాషలో చదువుకునే వీలు కల్పించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, 1956లోనే చేర్చారు. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను కూడా వీలైనంతవరకు మాతృభాష అనే అంటుంది. 2004లో మన రాష్ట్రంలో సవర, కోయ, కువి, గోండి వంటి ఎనిమిది భాషల్లో తెలుగు అక్షరాలతో వాచకాలు తయారుచేసి కొన్ని బడుల్లో చెప్పడం మొదలుపెట్టారు. మా ఊరి బడిలో ఆ వాచకం నేను చూడలేదు. ఎవరి దగ్గరైనా పాత ప్రతి ఉంటే నాకివ్వండి, జాగ్రత్తగా రాసుకుని తిరిగి ఇచ్చేస్తాను.

సవరలో చెప్తూ ఉంటే తెలుగు ఎప్పుడొస్తుంది అని ఒక మాస్టారు అడిగారు. ఆయన అడిగింది మంచికే. నేను చూసింది చెప్తాను. ఏడుగురిలో ఐదుగురు ఇప్పుడు తెలుగులో నాతో దెబ్బలాడుతున్నారు. దెబ్బలాడేంత తెలుగు నాకు పలక మెడలో వేసుకున్న ఏడాదిలో రాలేదు. తిట్టించుకునేంత వచ్చింది. ఆరోవాడు ఇంకా తడబడతాడు, వాడికి టైము కావాలి.

ఏడోవాడు పన్నెండూ ఒకటి రాసిన చిన్నవాడే. దసరా సెలవులకి ఇంటికెళ్లి మళ్లీ రాలేదు. కందిచేను కాపలాకి ఉంచేశారని వాళ్ల పక్క గూడ కుర్రాడు చెప్పాడు. కందికొత్త పండగ అయ్యాక వస్తాడేమో అంటున్నారు. పండగ అయ్యేసరికి జీడితోటల పని మొదలవుతుంది, అప్పుడసలు రాడు. నిరుడు అలా ఇద్దరు ఆగిపోయారు. వాళ్ల పేర్లు హాజరుపట్టీలో ఉన్నాయి గాని మంచాలు ఖాళీ.

వార్డెన్ సార్, ఈ ఆదివారం మీరు ఒప్పుకుంటే నేనూ, వ్యాసం రాసిన మిత్రుడూ వాళ్ల గూడకి వెళ్లొస్తాం. అతన్ని అడిగాను, సరే అన్నాడు. వాళ్ల నాన్నతో సవరలో నేను మాట్లాడతాను. మీరు కూడా వస్తే ఇంకా మంచిది, పెద్దవాళ్లు వస్తే మాట నిలుస్తుంది. మొదటి బస్సుకి వెళ్తే దిగిన దగ్గర్నుంచి కొండెక్కడానికి రెండు గంటలు, చీకటి పడేలోపు తిరిగొచ్చెయ్యొచ్చు. వాడి పలకా రెండు నోటుబుక్కులూ నా ట్రంకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి.

– పదో తరగతి విద్యార్థి, రెండో డార్మెటరీ